గ్లౌజులుంటే చాలా... చేతులు కడుక్కోవద్దూ?

నర్సు చేతికి గ్లౌజులు కనిపిస్తే మనకో ధీమా. కనిపించకపోతే గుండెల్లో గుబులు. ఇంతకీ రోగిని కాపాడేది తొడుగా, శుభ్రమైన చెయ్యా?

'అదేంటి సిస్టర్, గ్లౌజులు లేకుండానే ముట్టుకుంటున్నారు?'

వార్డులో ఈ మాట వినపడని రోజుండదు. బీపీ చూడబోయినా, జ్వరం చూడబోయినా మంచం పక్కన కూర్చున్న అమ్మో, అత్తగారో, ఆడపడుచో ఠక్కున అడిగేస్తారు. వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. తమ మనిషికి ఏమీ కాకూడదన్న ఆరాటం వాళ్లది. 2020లో కరోనా వచ్చాక ఈ ఆరాటం మరీ పెరిగింది. కూరగాయల బండి దగ్గర కూడా గ్లౌజులు తొడుక్కుని బేరమాడినవాళ్లని అప్పట్లో అందరం చూశాం కదా!

అయితే 'సిస్టర్, చేతులు కడుక్కున్నారా?' అని అడిగేవాళ్లు మాత్రం ఎప్పుడో గానీ తగలరు. నిజానికి మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

నేను నర్సుని. పాతికేళ్లుగా వార్డులే నా లోకం. ఇప్పుడు నా పని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్. అంటే మరేం లేదు, ఒక జబ్బుతో ఆస్పత్రికి వచ్చినవాళ్లకి ఇంకో జబ్బు ఇక్కడే అంటుకోకుండా చూడటం. అది అంత అరుదైన సంగతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక చూడండి. ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో డబ్బున్న దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి ఆస్పత్రిలోనే ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. అలా సోకిన ప్రతి పదిమందిలో ఒకరు ప్రాణం పోగొట్టుకుంటున్నారు.

అంకెలు పక్కన పెడదాం. ఇంట్లో దీని అర్థం ఏమిటి? కాలు విరిగి చేరిన నాన్నకి నిమోనియా పట్టుకుంటుంది. సిజేరియన్ అయిన చెల్లెలి కుట్లు చీము పడతాయి. మూడు రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి మూడు వారాలు అక్కడే ఉంటుంది. తాకట్టు పెట్టిన గాజులు ఆ ఏడాదికి విడిపించుకోలేం. ఇందులో ఎక్కువ భాగం ఆపగలిగిందే. ఆపడానికి కావాల్సింది పెద్ద మిషనూ కాదు, ఖరీదైన మందూ కాదు. చేతులు కడుక్కోవడం!

ఒక జత గ్లౌజుల వెంట...

నా ఉద్యోగంలో ఒక భాగం, వార్డులో ఓ మూల నిలబడి చేతుల్ని గమనించడం. ఎవరు ఎప్పుడు కడుక్కున్నారు, ఎప్పుడు కడుక్కోలేదు అని రాసుకుంటాను. ఒకరోజు ఒక జత గ్లౌజుల వెంట నా చూపు నడిచింది.

స్టాఫ్ నర్సు గ్లౌజులు తొడుక్కుంది. మొదటి మంచం దగ్గర మూత్రం సంచి ఖాళీ చేసింది. అంతవరకు బావుంది, దానికి గ్లౌజులు ఉండాల్సిందే. ఆ చేతులతోనే దుప్పటి సర్దింది. మంచం కడ్డీ పట్టుకుంది. జేబులోంచి పెన్ను తీసి కేస్‌షీట్‌లో రాసింది. తెర పక్కకి లాగింది. బల్ల మీద ఫోను మోగితే ఎత్తింది. 'ఆ... వస్తున్నా డాక్టర్' అని పెట్టేసి, మూడో మంచం పెద్దాయనకి సెలైన్ అయిపోతోందని పరుగెత్తి, ఆ గొట్టాన్ని పట్టుకుంది.

ఆ అమ్మాయి బద్ధకస్తురాలు కాదు. వార్డు నిండా రోగులు, డ్యూటీలో ఉన్నది ఇద్దరు. పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక లేదు. పక్కకి పిలిచి అడిగితే, 'గ్లౌజులు వేసుకునే ఉన్నాను కదా మేడమ్, మళ్లీ కడగడం ఎందుకు?' అంది.

'అవి నీ చేతుల్ని కాపాడాయమ్మా. మూడో మంచం పెద్దాయన్ని ఎవరు కాపాడాలి?' అన్నాను.

ఆమె ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకుంది. గ్లౌజులు తీసేసి కుళాయి దగ్గరికి నడిచింది.

మన వంటింట్లో చూడండి. కోడిమాంసం కడిగిన చేత్తోనే ఉప్పు డబ్బా తీస్తామా? తీయం. జిగురుగా, నీచుగా ఉంటుంది కాబట్టి ముందు చెయ్యి కడుక్కుంటాం. అదే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మాంసం కడిగి, ఆ కవరుతోనే ఉప్పు, కారం, పోపుల పెట్టె అన్నీ ముట్టుకుంటే? మన చెయ్యి శుభ్రంగానే ఉంటుంది. డబ్బాల సంగతేంటి?

గ్లౌజుతో వచ్చే చిక్కు అదే. ఉత్త చేతికి తడో మురికో తగిలితే మనకే చిరాకేసి కడుక్కుంటాం. గ్లౌజు ఆ చిరాకుని తీసేస్తుంది. మురికిని తీసేయదు.

నర్సు చేతుల కోసమే పుట్టింది!

రబ్బరు గ్లౌజులు ఆపరేషన్ గదిలోకి ఎలా వచ్చాయో తెలుసా? రోగి కోసం కాదు, ఒక నర్సు చేతుల కోసం.

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. కాలం 1889-90. అక్కడ కరోలిన్ హాంప్టన్ అని ఆపరేషన్ గదిలో పనిచేసే నర్సు. అప్పట్లో క్రిముల్ని చంపడానికి పాదరసంతో చేసిన ఘాటైన మందు నీళ్లలో చేతులు ముంచేవాళ్లు. దాంతో ఆమె చేతులు ఎర్రగా కందిపోయి, పొక్కిపోయేవి. ఇక ఈ పని చేయలేననే పరిస్థితి. ఆ ఆపరేషన్ గదికి పెద్ద డాక్టర్ విలియం హాల్‌స్టెడ్. ఆమె అవస్థ చూసి, గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. అవి తొడుక్కుంటే ఆమె చేతులకి ఉపశమనం కలిగింది. 1890లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు కూడా!

ఆపరేషన్ చేసే డాక్టర్లందరూ గ్లౌజులు వేసుకుంటే రోగి గాయానికి చీము పట్టడం తగ్గుతుందని తెలిసింది తర్వాత కొన్నేళ్లకి. హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ ఆ అలవాటుని గట్టిగా పట్టుకున్నాడు. ఇక్కడో విషయం గుర్తుంచుకోవాలి. ఆపరేషన్‌కి వాడేవి క్రిములు ఏమాత్రం లేకుండా శుద్ధి చేసి, విడిగా కవర్లో పెట్టిన గ్లౌజులు. ఒక రోగికి తొడుక్కుంటే ఆ రోగితోనే సరి. వార్డులో డబ్బాలోంచి లాగి తొడుక్కునేవి అవి కావు.

వార్డుల్లో ఇలా డబ్బాలు డబ్బాలు ఖర్చవడం మొదలైంది 1980ల్లో. ఎయిడ్స్ భయం వచ్చి, ఏ రోగి రక్తమైనా జాగ్రత్తగానే ముట్టుకోవాలన్న నియమం వచ్చింది. అది మంచి నియమం. ఎందరో నర్సుల్ని కాపాడింది. కానీ 'రక్తం తగిలేచోట గ్లౌజులు' అన్నది పోనుపోను 'ఏం ముట్టుకున్నా గ్లౌజులు' అయిపోయింది. కరోనాతో అది ఇంకా ముదిరింది.

కాన్పుల వార్డు నేర్పిన పాఠం

గ్లౌజులు రాకముందు సంగతి ఇంకొకటి ఉంది. ఆడవాళ్లందరూ తెలుసుకోవాల్సిన కథ.

1840ల్లో వియన్నా పెద్దాస్పత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్యవిద్యార్థులు పురుళ్లు పోసేవారు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో బాలింతలు జ్వరం వచ్చి పిట్టల్లా రాలిపోయేవారు. మంత్రసానుల వార్డులో చావులు బాగా తక్కువ. ఊళ్లో అందరికీ ఈ సంగతి తెలుసు. నొప్పులతో వచ్చిన ఆడవాళ్లు 'మమ్మల్ని మొదటి వార్డులో వేయకండి బాబూ' అని మోకాళ్ల మీద పడి బతిమాలేవారట!

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టర్ దీని అంతు చూడాలనుకున్నాడు. డాక్టర్లూ విద్యార్థులూ శవపరీక్షలు చేసి, సరాసరి వచ్చి పురుళ్లు పోస్తున్నారని గమనించాడు. మంత్రసానులకి శవపరీక్షల పని లేదు. తేడా అక్కడుంది! 1847 మే నెలలో ఆయన ఒక నియమం పెట్టాడు. బ్లీచింగ్ పౌడర్ లాంటి మందు కలిపిన నీళ్లలో చేతులు కడుక్కోనిదే ఎవరూ గర్భిణిని ముట్టుకోకూడదు. అంతే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా పోతున్న ఆ వార్డులో, జూన్ వచ్చేసరికి చావులు నూటికి ఇద్దరికి దిగాయి.

ఆయన్ని మెచ్చుకున్నారా? లేదు. పెద్దమనుషులైన డాక్టర్ల చేతులు మురికివా అని చాలామందికి కోపం వచ్చింది. సెమ్మెల్‌వైస్ 1865లో పిచ్చాస్పత్రిలో కన్నుమూశాడు. ఆయన మాట నిజమని లోకం ఒప్పుకునేసరికి ఆయన లేడు.

అప్పుడు ఆ తల్లుల్ని బతికించింది గ్లౌజులు కావు. అవి ఇంకా పుట్టనే లేదు. బతికించింది కడిగిన చెయ్యి.

గ్లౌజు ఎందుకు చాలదంటే...

'రెండూ ఉంటే మంచిదేగా? పోయేదేముంది?' అంటారేమో. పోయేది ఉంది.

మొదటిది, గ్లౌజు ఇనప కవచం కాదు. కంటికి కనిపించని చిల్లులు ఉండొచ్చు. పని చేస్తుంటే చిరగొచ్చు. రెండోది, గ్లౌజులు తీసేటప్పుడు పైనున్న మురికి చేతికి అంటుకోవడం చాలా సులువు. అందుకే తీసిన వెంటనే చేతులు కడుక్కోవాలి. గ్లౌజులున్నాయి కదా అని ఆ కడుక్కోవడం మానేస్తే, అసలు వేసుకున్న ఫలితమే పోతుంది. మూడోది, లోపల చెయ్యి చెమట పట్టి, వెచ్చగా తడిగా ఉంటుంది. క్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటేది?

ఇక నాలుగోది నర్సుల బాధ. గంటల తరబడి గ్లౌజుల్లో నానిన చేతులు దురద పెడతాయి, పగుళ్లిస్తాయి. తడి ఆరకుండా తొడుక్కుంటే మరీను. రబ్బరు పడనివాళ్లకి దద్దుర్లు కూడా వస్తాయి. పగిలిన చేతులకి సబ్బు తగిలితే భగ్గుమంటుంది. దాంతో కడుక్కోవడం ఇంకా తగ్గిపోతుంది. చూశారా, ఒకదానికొకటి ఎలా ముడిపడిందో!

ఈమధ్య ఇంకో అలవాటు మొదలైంది. తొడుక్కున్న గ్లౌజుల మీదే శానిటైజర్ రాసుకుని ఇంకో రోగి దగ్గరికి వెళ్లడం. కొన్నిచోట్ల వాడినవి ఉతికి ఆరేసి మళ్లీ వాడటం కూడా ఉంది. వార్డులో వాడే ఈ పల్చటి గ్లౌజులు ఒక్కసారి వాడి పారేయడానికి చేసినవి. రాస్తే, కడిగితే వాటి గట్టితనం పోతుంది. మీ కంటపడితే ఊరుకోకండి.

ఎప్పుడు కావాలి? ఎప్పుడు అక్కర్లేదు?

సూత్రం చిన్నదే. రక్తం, చీము, మలమూత్రాలు, వాంతి, ఉమ్మి లాంటివి చేతికి తగిలే అవకాశముందా? నోరు, జననాంగాల లోపలి పల్చటి పొరల్ని గానీ, పుండుపడ్డ చర్మాన్ని గానీ ముట్టుకోవాలా? అయితే గ్లౌజులు కావాలి. లేదూ అంటే శుభ్రమైన చెయ్యి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే.

గ్లౌజులు ఉండి తీరాల్సినవి:
* రక్తం తీసేటప్పుడు, సెలైన్ కోసం నరానికి సూది పెట్టేటప్పుడు, తీసేటప్పుడు
* కాన్పు, ఆపరేషన్ సమయంలో. వీటికి ప్రత్యేకంగా శుద్ధిచేసినవే వాడాలి
* ఆడవాళ్లకి లోపలి పరీక్ష చేసేటప్పుడు
* మూత్రం సంచి, బెడ్‌పాన్, వాంతి గిన్నె తీసేటప్పుడు
* కింద పడ్డ రక్తం తుడిచేటప్పుడు, ఆస్పత్రి చెత్త ఎత్తేటప్పుడు

మామూలుగా అక్కర్లేనివి:
* బీపీ, నాడి, జ్వరం చూడటానికి
* కండకి, చర్మం కిందికి ఇచ్చే మామూలు ఇంజెక్షన్లకి
* మాత్రలు మింగించడానికి, భోజనం పళ్లెం అందించడానికి
* మురికి అంటని దుప్పటి మార్చడానికి, రోగిని చక్రాల కుర్చీలో తీసుకెళ్లడానికి
* కేస్‌షీట్ రాయడానికి, ఫోను మాట్లాడటానికి

మందులకి లొంగని మొండి క్రిములు ఉన్న రోగిని విడిగా పెట్టినప్పుడు మాత్రం లెక్క వేరు. అక్కడ గది గుమ్మం దగ్గరే బోర్డు పెడతారు. లోపలికి వెళ్లే సిబ్బంది గ్లౌజులు, గౌను వేసుకుంటారు. అలాగే నర్సు చేతికి గాయముంటే, దాన్ని కప్పుకోవాలి. క్యాన్సర్ మందులు కలిపేవాళ్లకీ గ్లౌజులు తప్పనిసరి.

మరి చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలి? మా నర్సులకి అయిదు సందర్భాలు బట్టీ పట్టిస్తాం. రోగిని ముట్టుకునే ముందు. సూది, డ్రెస్సింగ్ లాంటి పని మొదలుపెట్టే ముందు. రక్తం, మలమూత్రాలు తగిలే పని అయ్యాక. రోగిని ముట్టుకున్నాక. రోగి మంచం, బల్ల లాంటివి ముట్టుకున్నాక. గ్లౌజులు వేసుకున్నా ఈ అయిదింటిలో ఒక్కటి కూడా తగ్గదు. ఆ సందర్భం వస్తే గ్లౌజులు తీసి, చేతులు శుభ్రం చేసుకుని, అవసరమైతే కొత్తవి తొడుక్కోవాలి.

లండన్ పిల్లలాస్పత్రిలో...

'ఇదంతా చెప్పడానికి బావుంటుంది, జరిగే పనేనా?' అని మా జూనియర్లు అడుగుతుంటారు. జరిగిన చోటు ఒకటి చెబుతాను.

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అని పిల్లల ఆస్పత్రి ఉంది. 1852లో పెట్టారు. పెద్ద పెద్ద జబ్బులతో పిల్లలు వచ్చే చోటు. అక్కడి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సులూ, శిక్షణ ఇచ్చే నర్సులూ కలిసి 2018లో 'ది గ్లవ్స్ ఆర్ ఆఫ్' పేరుతో ఒక ప్రచారం మొదలుపెట్టారు. గ్లౌజులు తీసి పక్కన పెడదాం అని! వాళ్లు గ్లౌజుల్ని నిషేధించలేదు. తాళం వేసి దాచనూ లేదు. డబ్బాలో చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, 'ఈ పనికి నిజంగా కావాలా?' అని ఆలోచించడం నేర్పించారు. ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ అనవసరం అని వార్డుల్లో విడమరిచి చెప్పారు. చేతులు కడుక్కోవడం గురించి మళ్లీ మళ్లీ చెప్పారు.

మొదటి ఏడాదిలోనే 37 లక్షల గ్లౌజుల వాడకం తగ్గింది. 90 వేల పౌండ్లకి పైగా మిగిలింది. 21 టన్నుల ప్లాస్టిక్ చెత్త తగ్గింది. ఒక్క ఆస్పత్రిలో! తర్వాత బ్రిటన్‌లో ఇంకా ఎన్నో ఆస్పత్రులు అదే బాట పట్టాయి.

ఏటా మే 5న ప్రపంచమంతా చేతుల శుభ్రత దినం జరుపుతారు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంచుకున్న నినాదం సారాంశం కూడా ఇదే. గ్లౌజులు ఒక్కోసారి కావాలి, చేతుల శుభ్రత మాత్రం ఎప్పుడూ కావాలి అని.

నాకు ఈ విషయంలో ఇంకోటి కూడా అనిపిస్తుంది. పసిబిడ్డకి చర్మమే చూపు. అమ్మ ఒడిలోంచి తీసి అద్దాల పెట్టెలో పెట్టిన బిడ్డకి వెచ్చటి చెయ్యి తగిలితే ఏడుపు సర్దుకోవడం ఎన్నిసార్లు చూశానో! శుభ్రంగా కడిగిన చెయ్యి అయితే బిడ్డకి రక్షణా అదే, ఓదార్పూ అదే.

ఒకచోట వృథా... ఒకచోట కరువు

గ్లౌజులు తగ్గించమంటే కొందరు యజమానులు సంతోషపడిపోతారు, ఖర్చు కలిసొచ్చిందని. అక్కడే జాగ్రత్త కావాలి. తగ్గించాల్సింది అనవసరమైనవి. అవసరమైనచోట ఒక్కటి తగ్గినా ఒప్పుకోకూడదు.

ఒకసారి సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడుతున్నాను. చివర్లో గోడకి ఆనుకుని నిలబడ్డ ఆయమ్మ నెమ్మదిగా అంది. 'మేడమ్, పైన కాగితం పట్టుకోవడానికి కూడా తొడుగులు వేసుకుంటారు. కింద నేను సంచులు మోసేటప్పుడు మాత్రం నా చేతికుండవు.'

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

నిజమే. బెడ్‌పాన్లు కడిగేదీ, నెత్తురు గుడ్డలు మూటగట్టేదీ, చెత్త సంచులు మోసేదీ ఆమె. సంచిలో పొరపాటున సూది ఉంటే గుచ్చుకునేది ఆమె చేతికే. ఆమెకి కావాల్సింది పల్చటి తొడుగులు కూడా కాదు, మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరువి. వాటిని కడిగి మళ్లీ వాడుకోవచ్చు. అనవసరంగా పారేసే డబ్బాల ఖర్చులో అవి ఎన్నో జతలు వస్తాయి. ఆ రోజే ఆ విషయం పైకి రాసి పంపాను. కొన్నాళ్లు తిరగాల్సి వచ్చింది గానీ, చివరికి వచ్చాయి.

పారేసిన గ్లౌజు మాయమైపోదు కూడా. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన గ్లౌజులు ఎర్ర సంచిలో పడాలి. వాటిని ఆవిరితోనో ఇంకో పద్ధతిలోనో శుద్ధిచేసి, ముక్కలు చేయాలి. దీనంతటికీ మనుషులు కావాలి, లారీలు కావాలి, కరెంటు కావాలి. ప్రైవేటు ఆస్పత్రి అయితే ఆ ఖర్చు తిరిగి తిరిగి మన బిల్లులోకే వస్తుంది.

కుళాయి ఉందా? నీళ్లొస్తున్నాయా?

చేతులు కడుక్కోలేదని నర్సుని తిట్టే ముందు ఒక్కసారి గోడ వంక చూడండి. కుళాయి ఎక్కడుంది? నీళ్లొస్తున్నాయా? సబ్బు ఉందా, అరిగిపోయిన ముక్కేనా? తుడుచుకోవడానికి అందరికీ కలిపి ఒకే తువ్వాలు వేలాడుతోందా? అదయితే కడిగినా లాభం లేదు.

మంచం దగ్గరే శానిటైజర్ సీసా ఉంటే సగం సమస్య తీరిపోతుంది. చేతికి మురికి కనపడనప్పుడు సబ్బుకంటే అదే త్వరగా పనిచేస్తుంది. 20 నుంచి 30 సెకన్లు చాలు. చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ కలిపినది అయితే చేతులు పగలడమూ తక్కువే. సబ్బుతో అయితే మొత్తం కడుగుడికి 40 నుంచి 60 సెకన్లు కావాలి. కళ్లకి మురికి కనపడినా, రక్తమో మలమో తగిలినా, నీళ్ల విరేచనాలున్న రోగిని చూసినా సబ్బు, నీళ్లే వాడాలి. కొన్ని విరేచనాల క్రిములకి శానిటైజర్ సరిపోదు.

మీ వంతు ఇది

ఆస్పత్రిలో మంచం పక్కన ఎక్కువసేపు ఉండేది ఎవరు? డాక్టరు అయిదు నిమిషాలు. నర్సు అప్పుడప్పుడు. మిగతా సమయమంతా మీరే! కాబట్టి మీ చేతులూ లెక్కలోకి వస్తాయి.

* మీ మనిషిని ముట్టుకునే ముందు, తర్వాత చేతులు శుభ్రం చేసుకోండి. బయటి నుంచి వచ్చినవాళ్లు మరీ ముఖ్యం. బంధువులు రాగానే 'బావున్నావా' అని చెయ్యి పట్టుకోబోతారు. ముందు శానిటైజర్ సీసా అందించండి, నొచ్చుకోరు.

* ఉంగరాలు, గాజుల సందుల్లో మురికి నిలుస్తుంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు ఉంగరాలు తీసి ఇంట్లో పెట్టడం మేలు. గాజులు పైకి జరిపి మణికట్టు దాకా రుద్దండి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి.

* రుద్దేటప్పుడు అరచేతులతో ఆపేయకండి. చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, వేళ్ల కొసలు. మనం ఎక్కువగా వదిలేసేది బొటనవేలినీ, గోళ్ల కొసల్నీ.

* శానిటైజర్ పూర్తిగా ఆరేదాకా రుద్దండి. తడిగా ఉండగా దీపం, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు.

* పక్క మంచం వాళ్లకి సాయం చేయడం మన అలవాటు. మంచిదే. కానీ ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు కడుక్కుని వెళ్లండి.

* డ్రెస్సింగ్‌నీ, సెలైన్ సూదినీ, మూత్రం గొట్టాన్నీ ముట్టుకోకండి. ఏదైనా తేడాగా అనిపిస్తే నర్సుని పిలవండి.

* పసిబిడ్డకి పాలిచ్చే ముందు, గుడ్డలు మార్చాక చేతులు కడుక్కోవడం తప్పనిసరి. చూడటానికి వచ్చినవాళ్లందరి చేతుల్లోకీ బిడ్డని ఇవ్వక్కర్లేదు. 'నిద్రపోయాడు' అంటే సరి!

* ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లకి డైపర్ మార్చేటప్పుడు గ్లౌజులు వాడండి. మార్చిన వెంటనే తీసి పారేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ గ్లౌజులతోనే తలుపు గడియ, టీవీ రిమోట్ ముట్టుకోవద్దు. తినిపించడానికి, తల దువ్వడానికి గ్లౌజులెందుకు? కడిగిన చెయ్యి చాలు.

ఎలా అడగాలి?

చాలామంది ఆడవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. 'అడిగితే సిస్టర్‌కి కోపం వస్తుందేమో, మా వాణ్ని సరిగ్గా చూడరేమో' అని. ఆ భయం నాకు తెలుసు. అందుకని తప్పుపట్టినట్టు కాకుండా అడగండి. 'సిస్టర్, ఇదిగో శానిటైజర్, ఇక్కడే పెట్టాను' అనండి. 'మా అమ్మకి షుగర్, త్వరగా ఇన్‌ఫెక్షన్ వస్తుందన్నారు, కాస్త చేతులు కడుక్కుని చూస్తారా?' అనండి. పెద్ద డాక్టర్‌గారినైనా సరే అలాగే అడగొచ్చు. గ్లౌజులతో వచ్చినవాళ్లని 'ఇవి కొత్తవేనా?' అని అడగడం కూడా మీ హక్కే. సీసా ఖాళీ అయితే, కుళాయిలో నీళ్లు రాకపోతే ఫిర్యాదు పుస్తకంలో రాయండి. అది నర్సు మీద ఫిర్యాదు కాదు, నర్సు తరఫున ఫిర్యాదు.

ఒకరిద్దరు విసుక్కోవచ్చు. 'మాకు తెలీదా?' అని మొహం ముడుచుకోవచ్చు. అయినా కుళాయి దగ్గరికి వెళ్లి కడుక్కునే వస్తారు. మనకి కావాల్సిందీ అదే కదా!